వదిలి నెట్టరాదు

యార్డు వెనక వీధి,
జూన్ 14

వదినగారికి నమస్కారం.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకండి. మనం ఫోన్లో మాట్లాడుకుంటే ఇటు మావాడు రికార్డు చేసి తన లాయరుకి వినిపిస్తాడు, అటు మీ అమ్మాయి రికార్డు చేసి తన లాయరుకి వినిపిస్తుంది. ఇద్దరు ముసలివాళ్ళ పుల్లవిరుపు మాటలు వినడానికి ఇద్దరు నల్లకోట్ల వాళ్ళు కూర్చోవడం నాకు సిగ్గుగా ఉంది. కాగితమైతే చదువుకుని చింపేసుకోవచ్చు. కాబట్టి ఇకమీదట మన మధ్య ఏ మాటైనా పోస్టులోనే. మీరూ ఒప్పుకుంటారనుకుంటాను.

పోయిన శనివారం మొదటి అప్పగింత సజావుగానే జరిగింది. పిల్ల తల్లి దగ్గర ఉండాలి, వారం విడిచి వారం తండ్రి దగ్గరికి వచ్చి ఒక రాత్రి ఉండి వెళ్ళాలి అన్నారు జడ్జిగారు. మీ ఊరికీ మా ఊరికీ నడుమనున్న రైల్వే జంక్షన్లో చేతులు మారాలన్నది లాయర్ల తెలివి. కన్నవాళ్ళిద్దరికీ ఒకరి మొహం ఒకరు చూసే ఓపిక లేదు గనక ఆ ఉద్యోగం మనిద్దరి నెత్తినా పడింది. మావాడు ఊరందరి స్థలాలూ కొలిచి గోడ తగాదాలు తీర్చే సర్వేయరు. తన కాపురంలో గోడ ఎప్పుడు లేచిందో మాత్రం చూసుకోలేదు. మీ అమ్మాయి సంగతి నేననను. పొద్దస్తమానం ల్యాబులో ఊరందరి నెత్తురూ పరీక్షించే మనిషికి సొంత మొగుడి నెత్తురు ఎందుకు ఉడుకుతోందో తెలియలేదంటే, అది నేను అనకూడని మాట. అందుకే అనలేదు.

బెంచీ మీద మీరొక మాటన్నారు. "పసిదాన్ని ఇలా షంటింగ్ కొట్టిస్తున్నాం, మన మొహాలు మండ!" మొహాల సంగతి మీ ఇష్టం. ఆ షంటింగ్ అన్నదే నాకు గుచ్చుకుంది. మా ఆయన బతికినంతకాలం ఈ వెనక రైల్వే యార్డులో షంటింగ్ మాస్టరు. ఆఫీసులో కాగితం ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి పోతే జనం షంటింగ్ అంటారు. దర్జీ రేపు రా, ఎల్లుండి రా అని తిప్పినా షంటింగే అంటారు. వింటే ఆయనకి ఒళ్ళు మండేది. "తిప్పడం కాదే, చేర్చడం! ఎక్కడెక్కడి రైలుపెట్టెలూ కలగాపులగంగా వస్తాయి. విడదీసి, దేని బండికి దాన్ని తగిలించడమే షంటింగ్" అనేవారు. ముందుకీ వెనక్కీ కదులుతుంటే గట్టు మీద నిలబడి చూసేవాళ్ళకి ఊరికే తిరుగుతున్నట్టుంటుంది. పెట్టెకి మాత్రం అది ఇంటిదారి.

కాబట్టి మీ మాట తప్పేమీ కాదు, మీరనుకున్న అర్థమే తప్పు. మా పిచ్చుకని దాని వాళ్ళ దగ్గరికి చేరుస్తున్నాం. మీరు అమ్మడు అంటారని తెలుసు. ఆ పేరు నాకు నోటికి రాదు.

ఈసారి దాని లెక్కల పుస్తకం పెట్టి పంపండి. భాగహారంలో మరీ వెనకబడి ఉంది.

ఉంటాను,
పిచ్చుక నాయనమ్మ

*

బట్టలకొట్టు పైన గది,
జూన్ 19

వదినగారికి,

ఉత్తరం అందింది. బడులు తెరిచారు, మిషను పక్కన యూనిఫారాలు కుప్ప పడి ఉన్నాయి. అందుకని నాలుగు ముక్కలే రాస్తున్నాను. ఫోన్లు వద్దన్నారు, సరే. మీ మాట చెవిలో పడేకంటే కంటపడితేనే నయం. మధ్యలో లేచి వెళ్ళి నీళ్ళు తాగి రావచ్చు.

దర్జీ మాట నాకు తగలాలనే రాశారు. తగిలింది. మీ అబ్బాయి పెళ్ళి కోటు నేను చెప్పిన రోజుకే ఇచ్చానని మాత్రం గుర్తు చేస్తున్నాను.

నేను మీలా హెడ్‌మిస్ట్రెస్‌ని కాను, మాటలు విప్పి ఆరబెట్టలేను. ఒక్కటి అడుగుతాను. పెట్టెకి బండి ఒకటే ఉంటుంది గదా? అమ్మడికి రెండున్నాయి. అలాంటి పెట్టె వస్తే మీవారు ఏం చేసేవారు? ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతున్నాను.

లెక్కల పుస్తకం పంపను. పిల్ల అక్కడికి వచ్చేది వాళ్ళ నాన్నతో గడపడానికి, మీ దగ్గర ప్రైవేటు చదవడానికి కాదు. తిరిగొచ్చిన రాత్రి నిద్రలో ఎక్కాలు అప్పజెప్పింది. పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోయి ఏడ్చింది కూడా.

ఇంకోటి. నేను రెండు జడలు వేసి పంపితే మీరు ఒక జడ వేసి పంపారు. అంత గట్టిగా లాగి అల్లితే నొసలు పైకి పోయి, పిల్ల అస్తమానం ఆశ్చర్యపోతున్నట్టు కనపడుతోంది. పాత అలవాట్లు మార్చకండి.

అమ్మడి అమ్మమ్మ

*

యార్డు వెనక వీధి,
జూలై 7

వదినగారికి నమస్కారం.

రెండు బండ్లున్న పెట్టె ఉండదు. పొరపాటున అలా చీటీ పడి వస్తే దాన్ని పక్క లైన్లో నిలబెట్టేసి పైనుంచి ఆర్డరు వచ్చేదాకా ముట్టుకునేవారు కాదు. అడిగారు గనక చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఉత్తరం కంటే పిల్లే ముందు మీకు చేరుతుంది, చూసి గుండెలు బాదుకోకండి. నిన్న సాయంత్రం పిచ్చుక నన్ను వీధి చివరి సెలూనుకి లాక్కుపోయింది. కుర్చీ ఎక్కి కూర్చుని "మెడ దాకా కత్తిరించెయ్యండి" అంది. ఎందుకే అంటే ఏమందో తెలుసా? "అప్పుడు ఎవరూ ఏ జడా వెయ్యక్కర్లేదు నాయనమ్మా." ఆ సెలూనతను నా మొహం చూశాడు. కత్తెర చేతిలో ఉన్నవాడికి కూడా జాలేసింది. నేను ఒద్దనలేకపోయాను.

మావాడు చూసి "బాగానే ఉందిలే" అని ల్యాప్‌టాప్‌లోకి దూరిపోయాడు. వాడికి పిల్ల వచ్చే శనివారమే కొలతలన్నీ పటం మీదికి ఎక్కించాల్సి వస్తుంది. పిచ్చుక వాడి కుర్చీ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి నా దగ్గరికొచ్చింది. యార్డు వైపు కిటికీ దగ్గర దానికి మంచం వేశాను. కిందటేడు నుంచీ ఖాళీగా ఉన్న యార్డే అయినా దానికి చూడ్డం ఇష్టం.

పన్నెండో ఎక్కం వచ్చేసింది. ఏడవలేదు.

పిచ్చుక నాయనమ్మ

*

బట్టలకొట్టు పైన గది,
జూలై 10

వదినగారికి,

నిన్న మీ ఉత్తరం వచ్చింది. మీరు తీరిగ్గా రాసుకున్నారు. నేనిక్కడ ఆదివారం జంక్షన్లో మీ పక్కన నిలబడ్డ పిల్లను చూసి, ఎవరి కుర్రాడో అనుకుని వెనకాల మా పిల్ల కోసం వెతికాను. మీరు పక్కనే ఉండి ఒక్క ముక్క చెప్పలేదు. "ఉత్తరం రాశాను, చదువుకోండి" అని బండెక్కేశారు. నోరుండీ పోస్టు డబ్బాలో మాట వేసిన మనిషిని మిమ్మల్నే చూశాను.

సెలూన్లో అది అన్నదని మీరు రాసింది నేను నమ్మను. దాని జుట్టు పుట్టినప్పటినుంచీ నేను దువ్వాను. అడిగితే ఏమీ చెప్పలేదు. మాట్లాడకుండా ఉండటం కూడా మీ సిలబస్సులో ఉందా?

మా అమ్మాయి చూసి తలుపేసుకుని ఏడ్చింది. కోర్టులో వెయ్యడానికి ఫోటో తీస్తానంది. నేనే వద్దన్నాను. నా పుణ్యాన మీరు బయటపడ్డారు, అది గుర్తు పెట్టుకోండి.

ఇకనుంచి మీతో ఒకే బెంచీ మీద కూర్చోవడం నావల్ల కాదు. నేను ప్లాట్‌ఫారం ఈ చివర, నీళ్ళ కుళాయి దగ్గర ఆగిపోతాను. మీరు ఆ చివర వంతెన మెట్ల దగ్గరే నిలబడండి. పిల్ల నడిచి వస్తుంది. తొమ్మిదేళ్ళది, నడవడం వచ్చు. తిరిగి పంపేటప్పుడూ అంతే. నేను వెనక్కి వెళ్ళే బండి కూడా కుళాయి దగ్గరే ఆగుతుంది, మీ మొహం చూడకుండా ఎక్కి కూర్చుంటాను.

అమ్మడి అమ్మమ్మ

*

యార్డు వెనక వీధి,
జూలై 15

వదినగారికి నమస్కారం.

మీరు కనిపెట్టిన పద్ధతికి యార్డులో ఎప్పుడో పేరు పెట్టారు. లూజ్ షంటింగ్ అంటారు. ఇంజను పెట్టెను నెట్టుకుంటూ వచ్చి చటుక్కున ఆగిపోతుంది. పెట్టె ఆ ఊపుకి తనంతట తనే పోతూ ఉంటుంది. అవతల ఒకడు కాచుకుని ఉండి దాన్ని ఆపాలి. పని త్వరగా తెముల్తుందని చేసేవారు. కొన్ని పెట్టెల మీద మాత్రం తెల్లరంగుతో పెద్ద అక్షరాలు రాసి ఉండేవి: వదిలి నెట్టరాదు. పగిలేవీ, మండేవీ ఉన్న పెట్టెలు. మా ఆయన ఏ పెట్టెనీ అలా వదలనిచ్చేవారు కాదు. అవతలివాడి చెయ్యి గాలిలోకి లేస్తేగానీ ఈయన నోట 'ఊఁ' వచ్చేది కాదు. దాంతో ఈయన షిఫ్టులో పని ఆలస్యమని పేరు.

ఇదంతా తెలిసి కూడా మీ షరతుకి ఒప్పుకుంటున్నాను. మీ మొహం చూడకుండా పని జరిగే దారి చూపించారు, కాదంటే కృతఘ్నత అవుతుంది. నేను నల్లగొడుగు వేసుకుని మెట్ల దగ్గర నిలబడతాను. ఎండైనా వానైనా నల్లగొడుగే. దూరం నుంచి పోల్చుకోవచ్చు. చెయ్యి ఊపమని మాత్రం అడగకండి. మీకు ఊపాలంటే నా భుజం లేవదు.

జుట్టు గురించి నేను రాసింది అక్షరం పొల్లుపోకుండా నిజం. నమ్మకపోతే మీ ఖర్మ.

పిచ్చుక నాయనమ్మ

*

బట్టలకొట్టు పైన గది,
ఆగస్టు 21

వదినగారికి,

పిల్ల చేత పంపిన స్వెట్టరు తిరిగొచ్చింది. మడత విప్పకుండా, పైన చీటీ గుచ్చి. "మా ఇంట్లో దుప్పట్లకు కొదవ లేదు." ఆ చేతిరాత ఎంత గుండ్రంగా ఉందో! పిల్లలకి చూసి రాయమని ఇవ్వొచ్చు.

మీ ఇంట్లో దుప్పట్లు లేవని నేనన్నానా? కిటికీ పక్కన పడుకుంటాను అమ్మమ్మా, యార్డు గాలి చల్లగా కొడుతుంది, ఆ మంచం మారిస్తే నాయనమ్మ నొచ్చుకుంటుంది అని అమ్మడే నాతో చెప్పింది. మీరు నొచ్చుకోకూడదని అది అడిగితే, నేను కళ్ళు పొడుచుకుని అల్లాను. దాన్ని మీరు పుల్లతో ఎత్తి పారేసినట్టు తిప్పి కొట్టారు. పిల్ల ఆ మూట మోసుకుని ప్లాట్‌ఫారం పొడుగునా నడిచొచ్చింది. చీటీ చదివే ఉంటుంది. చదవడం మీరే నేర్పారుగా.

చాలు. వచ్చే వారం శనివారం, ఆగస్టు 31న, పిల్లను పంపను. కోర్టుకెళ్ళి చెప్పుకుంటారో, ఆకాశానికి చెప్పుకుంటారో మీ ఇష్టం.

అమ్మడి అమ్మమ్మ

*

బట్టలకొట్టు పైన గది,
ఆగస్టు 28

వదినగారికి,

పోయిన వారం రాసింది కోపంలో రాశాను. పంపనని మా అమ్మాయితో కూడా అనలేదు. పిల్ల క్యాలెండర్లో శనివారం చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకుంది. వాళ్ళ నాన్న ఈసారి టేపు పట్టుకోవడానికి తనతో పాటు స్థలం దగ్గరికి తీసుకెళ్తానన్నాడట. ఆ గీత చూశాక నా పంతం నాకే చిన్నదిగా కనపడింది.

శనివారం ఎప్పటిలాగే తీసుకొస్తాను. మెట్ల దగ్గర ఉండండి. ఫోన్ చేసి చెబుదామని తీశాను. మళ్ళీ మన ఒప్పందం గుర్తొచ్చి పెట్టేశాను. మీతో మాట పడే ఓపిక కూడా లేదు.

అమ్మడి అమ్మమ్మ

*

యార్డు వెనక వీధి,
సెప్టెంబరు 3

వదినగారూ,

మీ రెండో ఉత్తరం నిన్న, సోమవారం, నా చేతికొచ్చింది. శనివారం మెట్ల దగ్గర ఉండమని.

శనివారం నేను ఇంట్లో ఉన్నాను. మీ మొదటి ఉత్తరాన్నే పట్టుకుని కూర్చున్నాను. మావాడితో "పిల్లను పంపరట, నీ లాయరుతో చెప్పుకో" అన్నాను. అనేటప్పుడు కొంత సంతోషం కూడా వేసింది, తప్పు మీవైపు ఉందిగదా అని. టేపు సంచిలో పెట్టుకున్న మనిషి తీసి గోడకి తగిలించేసి ఒక్కడే ఎటో పోయాడు.

మీరేమో కుళాయి దగ్గర నిలబడి, వానలో ఆ చివర నల్లగొడుగు చూసి, పిల్లను వదిలి బండెక్కేశారు. తర్వాత విచారించిన రైల్వే పోలీసతను చెప్పాడు, ఆ గొడుగు కింద ఉన్నది సిగరెట్ కాల్చుకుంటున్న పెద్దమనిషట, మీసాలతో సహా. నా రూపురేఖల మీద మీ అభిప్రాయం తెలిసింది. నవ్వడానికి రాయలేదు. ఇంకెలా రాయాలో చేతకాక రాశాను.

మీకు మీ అమ్మాయి ఎంత చెప్పిందో తెలీదు. ఆ రాత్రి జంక్షన్లో నేను పిల్లను అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను. మెట్ల దాకా నడిచింది. నేను లేను. వెనక్కి చూస్తే మీ బండి కదిలిపోయింది. వాన జల్లు లోపలికి కొడుతోంది. అవతలి వైపు ఖాళీ బండి ఒకటి నిలబడి ఉంది, తలుపు తీసి ఉంది. తడవకుండా అందులో కూర్చుని కిటికీలోంచి మెట్లు చూస్తూ ఉందామనుకుంది. కూర్చుంది. ఇంజనొచ్చి ఆ బండికి తగులుకుంది.

మా పిచ్చుకని నిజంగానే షంట్ చేశారు, వదినగారూ. యార్డులోకి లాగి, వెనక్కి నెట్టి, ఇంకో లైన్లోకి మార్చి, పెట్టెలు కడిగే చోట నిలబెట్టారు. లోపల ఒక ప్రాణి ఉందని ఎవరికి తెలుసు? తగులుకున్నప్పటి కుదుపుకి సీటు అంచు తగిలి పెదవి చిట్లింది. చీకటి పడే వేళకి కడగడానికొచ్చిన ఆడవాళ్ళు చూసి, వాళ్ళ అమ్మ నంబరు అడిగి ఫోన్ చేశారు.

ఏడ్చావా అంటే లేదంది. భయమేసిందా అన్నాను. "బండి కదిలింది కదా, ఎవరో ఒకరి దగ్గరికి పోతోందనుకున్నా" అంది.

ముప్పయ్యేళ్ళు ఆ పని చేసిన మనిషి పక్కన బతికాను. ఆయన అన్నం తినేటప్పుడు చెప్పిన మాటలన్నీ మీకు వడ్డించాను, నా తెలివి మీకు తెలియాలని. ఇక ఆయన ఊసెత్తను.

ఒక్కటి అడుగుతాను. బండెక్కే ముందు ఒక్క నిమిషం నిలబడి చూస్తే మీ సొమ్మేం పోయేది?

పిచ్చుక నాయనమ్మ

*

బట్టలకొట్టు పైన గది,
సెప్టెంబరు 9

వదినగారికి,

ఏం పోయేదని అడిగారు. నా బండి పోయేది. ఆ రోజు దాకా అదే పెద్ద సంగతి అనుకున్నాను.

మిమ్మల్ని నేనూ ఒకటి అడుగుతాను. మీరు ఎప్పుడైనా చెయ్యి ఊపి ఉంటే, ఆ రోజు గొడుగు కింద చెయ్యి లేవలేదని నేను ఆగిపోయేదాన్ని. ఊపనని రాసింది మీరు. అక్షరాలు ఇంకా నా డ్రాయర్లో ఉన్నాయి. చదివి చింపేసుకోమన్నారు, నేను చింపలేదు.

పంపనని ఒక చవట ఉత్తరం వస్తే, అది నిజమో కాదో తెలుసుకోవడానికి మీరు జంక్షను దాకా రాకూడదా? రాకపోతే పోనీ, ఫోన్ తీయకూడదా? నేనూ తీయలేదు, నిజమే. ఆ లాయర్లు విన్నా బావుండేది. ఎవరో ఒకరు విన్నట్టయినా ఉండేది.

మా అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. కంచం నా ముందు పెట్టి వెళ్ళిపోతుంది. మిషను చప్పుడు వింటే తల నొప్పంటుంది. అమ్మడు మాత్రం నా పక్కన కూర్చుని గుండీలు రంగుల వారీగా వేరుచేస్తోంది. పెదవి మానింది. చిన్న గీత మిగిలింది. అమ్మా నాన్నా ఒకటై మాట్లాడుకుంటున్నారు ఫోన్లో, మూడేళ్ళలో మొదటిసారి. ఒకరినొకరు తిట్టుకోవడం లేదు. మనల్ని తిడుతున్నారు.

అమ్మడి అమ్మమ్మ

*

యార్డు వెనక వీధి,
అక్టోబరు 6

వదినగారికి నమస్కారం.

కోర్టు సంగతి మీ అమ్మాయి మీకు చెప్పి ఉండదు గనక నేను చెబుతున్నాను. మావాడు నాకు చెప్పింది కూడా గుమ్మంలో చెప్పులు విప్పుతూ, నా వైపు చూడకుండా.

జడ్జిగారు మన పిల్లను తన గదిలోకి ఒక్కదాన్నే పిలిచి కూర్చోబెట్టుకున్నారట. నాన్న దగ్గర ఉంటావా, అమ్మ దగ్గర ఉంటావా, నాయనమ్మ ఇష్టమా, అమ్మమ్మ ఇష్టమా అని మెల్లగా అడిగారట. చివరికి "ఎక్కడైనా సరే అండీ, అక్కడే ఉంచేస్తే చాలు" అందట.

ఆ గదిలోంచి బయటికొచ్చి జడ్జమ్మగారు తల్లిదండ్రులిద్దరికీ ఆ వాక్యం చదివి వినిపించారు. ఇద్దరూ తలలు వంచుకున్నారు. ఆ తర్వాత ఏ గొడవా లేకుండా ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారు, హాస్టలున్న బడికి. రెండు ఊళ్ళకీ దూరమే. ఏ ఒక్కరికీ దగ్గర కాకూడదని వెతికి మరీ పట్టుకున్నారు.

నేను మావాడితో వాదించాను. "నా దగ్గర వదిలెయ్యి, నేను చూసుకుంటాను, కావాలంటే ఆ వదినగారిని కూడా ఇక్కడికే వచ్చి ఉండమంటాను" అన్నాను. అవును, ఆ మాట కూడా అన్నాను. నా నోటి నుంచి అది వస్తుందని నాకూ తెలీదు. వాడు "ఇప్పుడు గుర్తొచ్చారా అమ్మా ఆవిడ?" అన్నాడు. వాడి చెప్పులు గోడవారగా సర్ది లోపలికి వచ్చేశాను. ముప్పయ్యేళ్ళు పిల్లల నోళ్ళు మూయించిన దాన్ని.

దాని సామాను సర్దుతున్నారేమో అక్కడ. ఆ స్వెట్టరు ఉంటే పెట్టండి.

పిచ్చుక నాయనమ్మ

*

బట్టలకొట్టు పైన గది,
నవంబరు 10

వదినగారికి,

స్వెట్టరు పెట్టాను. హాస్టలు యూనిఫారాలు కూడా నేనే కుట్టాను, పొడుగు ఎదుగుతుందని అంచులు మడిచి. కుడుతున్నంతసేపూ పక్కనే కూర్చుంది గానీ ఏమీ అడగలేదు. ఎన్నాళ్ళుండాలి అని అడుగుతుందని నేను జవాబు తయారుగా పెట్టుకున్నాను. దాని అవసరం పడలేదు.

నెలకొక్కరినే చూడనిస్తారట. ఈ నెల అల్లుడి వంతు. ఆయనకి స్థలాల పనుండి మిమ్మల్ని పంపుతున్నాడని మా అమ్మాయి గోడతో చెప్పినట్టు చెప్పింది. నాకు వంతు ఎప్పుడొస్తుందో తెలీదు.

మీతో ఏమీ పంపను. ఒక్క మాట అడిగి రండి చాలు. అమ్మమ్మ మీద కోపమా అని. అది ఏమన్నా ఉన్నదున్నట్టు రాయండి. నన్ను ఓదార్చవద్దు, మీ భాష కలపవద్దు.

అమ్మడి అమ్మమ్మ

*

యార్డు వెనక వీధి,
నవంబరు 18

వదినగారికి,

వెళ్ళొచ్చాను. ఉన్నదున్నట్టు రాయమన్నారు, రాస్తున్నాను.

గేటు దగ్గర సంతకం పెట్టించుకుని ఒక పొడుగాటి గదిలో కూర్చోబెట్టారు. గోడ పొడుగునా కుర్చీలు, నడుమ ఏమీ లేదు. అమ్మడు వచ్చింది. నేనూ అమ్మడనే రాస్తున్నాను, పిచ్చుక అంటే అక్కడ వేరే పిల్లలు నవ్వారు. జుట్టు మెడ దాటి పెరిగింది. దువ్వుకున్నది తనే, పాపిడి వంకర. నేను దిద్దలేదు.

పరిగెత్తుకు రాలేదు. నడిచొచ్చి పక్క కుర్చీలో కూర్చుని "మీరు బావున్నారా నాయనమ్మా?" అంది. నన్ను ఏనాడూ నువ్వు తప్ప అనలేదు అది. ఎవరైనా నేర్పారా అంటే, పెద్దవాళ్ళతో అలాగే మాట్లాడాలి గదా అంది. నేను బిస్కెట్లు ఇస్తే థాంక్స్ చెప్పి, ఒకటి తిని, మిగతావి గదిలోవాళ్ళకి పంచుతానంది.

బాగా లేదని చెబితే బావుండునని కూర్చున్నాను. కడుపు మాడుస్తున్నారనో, రాత్రిళ్ళు ఏడుపొస్తోందనో ఒక్క మాటంటే ఆ గేటు విరిచి తెచ్చేసుకునేదాన్ని. ఏమీ లేదు. బాగానే తింటోంది. బుగ్గలు కూడా వచ్చాయి. మెడలో ఒక తాళంచెవి వేలాడుతోంది. ఏమిటే అది అంటే మొహం వెలిగిపోయింది, ఆ రోజంతట్లో ఆ ఒక్కసారే. గోడకి దానికో అల్మరా ఇచ్చారట. "నావన్నీ ఒక్కచోటే ఉన్నాయి నాయనమ్మా, బ్రష్షు కూడా" అంది. మనిద్దరి ఇళ్ళలోనూ దానికి బ్రష్షు ఉండేది. చెరొకటీ ఉన్నాయి కదా, పిల్లకి ఏ లోటూ లేదు అనుకున్నాం.

మీరడగమన్నది అడిగాను. అమ్మమ్మ మీద కోపమా అని. లేదంది. నా మీద? లేదంది. మనం అడుగుతున్నదేమిటో అర్థం కానట్టు నా మొహంలోకి చూసి, "ఎందుకు కోపం?" అంది. మనసులో పెట్టుకుని అన్న మాట కాదు, వదినగారూ. బడిలో వందలమంది పిల్లల్ని చూశాను, అబద్ధం చెబితే కనిపెడతాను. దానికి నిజంగా లేదు. కోపం ఉంటే బతిమాలుకునేదాన్ని, మీ చేత కూడా బతిమాలించేదాన్ని.

గంట కొట్టారు. నాకంటే ముందు అదే లేచింది. వచ్చే నెల మీ నాన్న రాకపోతే మళ్ళీ నేనే వస్తానన్నాను. నన్ను నొప్పించకూడదని మెల్లగా, చేతిలో బిస్కెట్ పొట్లం మడత పెడుతూ చెప్పింది.

"వద్దు నాయనమ్మా. మీరు గేటు దగ్గర కనపడగానే బ్యాగు సర్దుకోవాలేమో అనిపించింది. సర్దేశాను కూడా. మళ్ళీ తీసి పెట్టుకోవాలి."

నేను వచ్చే నెల వెళ్ళను. మీ వంతు వస్తే మిమ్మల్ని ఆపే హక్కు నాకు లేదు. వెళ్తే మాత్రం చేతిలో ఏ సంచీ లేకుండా వెళ్ళండి. గేటు దగ్గర కాదు, లోపల కుర్చీలో కూర్చుని కబురు పెట్టండి. కూర్చున్నారని దానికి ముందే చెప్పించండి, తీసుకుపోవడానికి రాలేదని కూడా.

ఉంటాను,
మీ వదిన